ఆయుధాల కొనుగోలు – ప్రాంతాల అభివృద్ధి

'ఆఫ్‌సెట్' అనే మాట వినగానే మనకు సాధారణంగా అచ్చు యంత్రం గుర్తుకు వస్తుంది. పుస్తకాలు, వార్తాపత్రికలు ముద్రించే ఒక పద్ధతికి ఆ పేరు ఉంది. అయితే ఆర్థిక వ్యవహారాల్లో ఈ మాటకు మరొక అర్థం ఉంది. ఒకవైపు పోయినదానికి మరొకవైపు నుంచి సరిపడా రాబట్టుకోవడం అని దాని భావం. దేశాలు విదేశాల నుంచి ఆయుధాలు కొనేటప్పుడు విక్రేతకు విధించే ఒక ప్రత్యేకమైన షరతుకు ఈ పేరు స్థిరపడింది.

దీనిని ఒక చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక ఊరివారు తమ గుడికి కొత్త రథం చేయించదలచారనుకొందాం. అంత పెద్ద పని తెలిసినవారు ఊళ్లో లేరు. దూరపు పట్టణం నుంచి పేరున్న శిల్పిని పిలిపించారు. “మీరు అడిగిన సొమ్ము ఇస్తాం. కాని చక్రాలు మా ఊరి వడ్రంగుల చేతనే చేయించాలి. ఇనుప పట్టాలు మా కమ్మరి కొలిమిలోనే సాగాలి. మా పిల్లలు ఇద్దరికి మీ పని నేర్పాలి” అని పెద్దలు షరతు పెట్టారు. శిల్పి అంగీకరించాడు. ఊరి సొమ్ములో కొంత భాగం ఊళ్లోనే నిలిచింది. ఆఫ్‌సెట్ ఒప్పందం సారాంశం ఇదే.

యుద్ధ విమానాలు, జలాంతర్గాములు, క్షిపణుల వంటివాటి ధర వేల కోట్ల రూపాయల్లో ఉంటుంది. ఆ ధనమంతా పన్నుల రూపంలో ప్రజలు చెల్లించినదే. అది ఒక్కసారిగా విదేశానికి తరలిపోతే, అక్కడి కార్మికులకు పని దొరుకుతుంది, అక్కడి పట్టణాలు బాగుపడతాయి. కొనుగోలు చేసిన దేశానికి మాత్రం ఆయుధం ఒక్కటే మిగులుతుంది. కనుక కొనుగోలు విలువలో ఇంత శాతం మేరకు మా దేశంలో పెట్టుబడి పెట్టాలి, లేదా మా కర్మాగారాల నుంచి వస్తువులు కొనాలి, లేదా సాంకేతిక పరిజ్ఞానం అందించాలి అని కొనుగోలుదారు కోరడం సహజమే. అయితే ఆ కోరిక కాగితం మీద ఒప్పందంగా మారినంత మాత్రాన ఒక ప్రాంతం అభివృద్ధి చెందుతుందా? కొన్నిచోట్ల కర్మాగారాలు వెలిసి, మరికొన్నిచోట్ల హామీలు హామీలుగానే ఎందుకు మిగిలాయి? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ పాఠం ఉద్దేశం.

రెండు రకాలు – ఒక లెక్క

ఆఫ్‌సెట్‌లు ముఖ్యంగా రెండు రకాలు. కొన్న ఆయుధానికి సంబంధించిన భాగాలనే కొనుగోలు చేసిన దేశంలో తయారు చేయిస్తే అది ప్రత్యక్ష ఆఫ్‌సెట్. విమానం కొన్నప్పుడు దాని తలుపులు, రెక్కల భాగాలు, విద్యుత్ తీగల అమరికలు మన దేశంలో చేయించడం ఇటువంటిది. కొన్న ఆయుధంతో సంబంధం లేని రంగంలో పెట్టుబడి పెడితే అది పరోక్ష ఆఫ్‌సెట్. జలాంతర్గామి అమ్మిన సంస్థ ఉక్కు కర్మాగారం నెలకొల్పుతాననడం ఈ రెండవ రకానికి చెందుతుంది.

ఈ బాధ్యతను లెక్కించే పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఒక దేశం 2,000 కోట్ల రూపాయలతో హెలికాప్టర్లు కొన్నదనుకొందాం. ఆఫ్‌సెట్ 30 శాతమైతే విక్రేత తీర్చవలసిన బాధ్యత 600 కోట్లు. అయితే కొన్ని రకాల పనులను ప్రోత్సహించడానికి ప్రభుత్వాలు 'గుణకం' అనే ఏర్పాటు చేస్తాయి. భారతదేశపు నిబంధనల ప్రకారం చిన్న, మధ్యతరహా సంస్థల వద్ద కొన్నవాటికి 1.5 గుణకం వర్తిస్తుంది. అంటే విక్రేత అటువంటి సంస్థల నుంచి 400 కోట్ల వస్తువులు కొంటే చాలు, 600 కోట్ల బాధ్యత తీరినట్లు ఖాతాలో నమోదవుతుంది. అరుదైన సాంకేతిక పరిజ్ఞానాన్ని రక్షణ పరిశోధన సంస్థకు అందిస్తే గుణకం అంతకన్న ఎక్కువగా ఉండవచ్చు.

గుణకం వెనుక ఉన్న ఉద్దేశం మంచిదే. చిన్న సంస్థలకు పని దొరకాలి, విలువైన విద్య దేశానికి రావాలి అన్నదే ఆ ఉద్దేశం. కాని కాగితం మీద కనిపించే మొత్తం వేరు, ప్రాంతానికి నిజంగా చేరిన సొమ్ము వేరు అన్న సంగతి దీనివల్ల మరుగున పడుతుంది. పత్రికల్లో ప్రకటించిన పెద్ద అంకెను చూసినప్పుడు అది గుణకంతో పెరిగిన అంకెయా, లేక నిజంగా చేతులు మారిన ధనమా అని విచారించుకోవాలి.

మరొక సంగతి కూడ గుర్తుంచుకోవాలి. ఆఫ్‌సెట్ ఎవరూ ఉచితంగా ఇచ్చేది కాదు. కొత్తచోట కర్మాగారం పెట్టడానికి, పనివారికి శిక్షణ ఇవ్వడానికి, నాణ్యత పరీక్షించడానికి అయ్యే ఖర్చును విక్రేత తన ధరలో కలుపుకొంటాడు. రథం చేసే శిల్పి ఊరి పిల్లలకు పని నేర్పే కాలానికి కూడ కూలి లెక్క వేసుకొంటాడు కదా! కాబట్టి ఆఫ్‌సెట్ పేరుతో వచ్చే లాభాన్ని, దాని కోసం అదనంగా చెల్లించిన ధరను పక్కపక్కన ఉంచి చూడాలి. ప్రభుత్వ కొనుగోళ్ల గురించి ప్రపంచ వాణిజ్య సంస్థ ఆధ్వర్యంలో కుదిరిన ఒప్పందం సాధారణంగా ఆఫ్‌సెట్‌లను నిషేధిస్తుంది. దేశభద్రతకు సంబంధించిన కొనుగోళ్లకు మాత్రం అందులో మినహాయింపు ఉంది. అందువల్లనే ఈ పద్ధతి ముఖ్యంగా ఆయుధాల వ్యాపారంలో నిలదొక్కుకొంది.

పూర్వరంగం

ఆఫ్‌సెట్ అనే పేరు మన దేశంలో ప్రచారంలోకి రాకముందే, ఆ ఆలోచనకు పూర్వరూపం మనకు తెలుసు. 1962లో సోవియట్ యూనియన్‌తో మిగ్-21 యుద్ధ విమానాల విషయమై ఒప్పందం కుదిరింది. విమానాలు కొనడమే గాక, వాటిని అనుమతి పత్రంపై ఇక్కడే తయారు చేసుకోవాలని భారతదేశం నిర్ణయించింది. ఆ తయారీని మూడు ప్రాంతాలకు పంచారు. విమాన దేహం మహారాష్ట్రలోని నాసిక్‌లో, ఇంజను ఒరిస్సాలోని కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో తయారయ్యేటట్లు ఏర్పాటు చేశారు. హైదరాబాదులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారం 1965లో ఆ విధంగా ఆరంభమైంది. కోరాపుట్ కొండలతో, అడవులతో నిండిన గిరిజన ప్రాంతం. అక్కడ ఇంజన్ల కర్మాగారం రావడంతో సునాబేడ అనే కొత్త పట్టణమే రూపుదిద్దుకొంది. మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరులో మన వాయుసేన నుంచి పూర్తిగా విరమించాయి. కాని ఆ మూడు చోట్ల నాటిన పరిశ్రమలు మాత్రం వేరే పనులు చేస్తూ నిలిచే ఉన్నాయి.

ఐరోపాలో ఇటువంటి ఏర్పాటుకు ప్రసిద్ధమైన ఉదాహరణ 1975 నాటిది. బెల్జియం, నెదర్లాండ్స్, డెన్మార్క్, నార్వే దేశాలు కలిసికట్టుగా అమెరికా నుంచి ఎఫ్-16 యుద్ధ విమానాలు కొన్నాయి. నాలుగు చిన్న దేశాలు విడివిడిగా బేరమాడి ఉంటే వాటి మాట అంతగా చెల్లేది కాదు. ఒక్కటై నిలవడం వల్ల మంచి షరతులు సాధించాయి. తాము కొన్న విమానాల విలువలో 40 శాతం, అమెరికా వాయుసేన కొన్న తొలి 650 విమానాల విలువలో 10 శాతం, ఇతర దేశాలకు అమ్మినవాటి విలువలో 15 శాతం మేరకు పని తమ కర్మాగారాలకు రావాలన్నది ఒప్పందం. బెల్జియంలో, నెదర్లాండ్స్‌లో విమానాలను పూర్తిగా జోడించే కేంద్రాలు కూడ ఏర్పడ్డాయి. ఈ దేశాల్లో అప్పటికే విమాన పరిశ్రమ, నిపుణులైన పనివారు ఉన్నారు. అందుకే వచ్చిన పనిని అందుకోగలిగాయి.

కొయెగా నేర్పిన పాఠం

అన్ని చోట్లా ఫలితం ఇలా లేదు. దక్షిణాఫ్రికాలో 1994లో వర్ణవివక్ష పాలన అంతమై, ప్రజలెన్నుకొన్న ప్రభుత్వం ఏర్పడింది. ఇళ్లు లేనివారు, చదువు లేనివారు, పని దొరకనివారు కోట్ల సంఖ్యలో ఉన్న దేశం అది. అటువంటి సమయంలో, 1999 డిసెంబరులో ఆ ప్రభుత్వం ఐరోపా సంస్థలతో భారీ ఆయుధ ఒప్పందాలపై సంతకాలు చేసింది. యుద్ధ విమానాలు, శిక్షణ విమానాలు, హెలికాప్టర్లు, నాలుగు చిన్న యుద్ధనౌకలు, మూడు జలాంతర్గాములు అందులో ఉన్నాయి. మొత్తం ఖర్చు దాదాపు 3,000 కోట్ల రాండ్లు అని అప్పుడు ప్రకటించారు.

పేదరికం ఇంతగా ఉన్నప్పుడు ఆయుధాలెందుకని ప్రజలు ప్రశ్నించారు. దానికి ప్రభుత్వం ఇచ్చిన సమాధానమే ఆఫ్‌సెట్. ఈ కొనుగోళ్ల వల్ల దేశానికి 10,400 కోట్ల రాండ్ల మేలు తిరిగి వస్తుందని, సుమారు 65,000 ఉద్యోగాలు లభిస్తాయని చెప్పారు. పెట్టిన ఖర్చుకు మూడు రెట్లకు మించిన ఫలం వస్తుందంటే ఎవరు కాదంటారు?

ఆ ఆశలన్నింటికీ కేంద్రంగా నిలిచిన ప్రదేశం కొయెగా. ఈస్టర్న్ కేప్ రాష్ట్రంలో, ఆనాడు పోర్ట్ ఎలిజబెత్ అని పిలిచిన నగరానికి సమీపాన సముద్రతీరంలో ఉంది. నెల్సన్ మండేలా జన్మించిన ఈ రాష్ట్రం ఆ దేశంలోని మిక్కిలి పేద ప్రాంతాల్లో ఒకటి. జలాంతర్గాములు సరఫరా చేసే జర్మన్ బృందం తన ఆఫ్‌సెట్ బాధ్యత కింద కొయెగాలో తుప్పుపట్టని ఉక్కు తయారుచేసే కర్మాగారం నిర్మిస్తుందని ప్రకటించారు. ఆ కర్మాగారాన్ని ఆధారం చేసుకొని పెద్ద రేవు, పారిశ్రామిక వాడ వస్తాయని ఊహించారు.

ఆ ఉక్కు కర్మాగారం ఎన్నడూ రాలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న చందంగా ముగిసింది. జలాంతర్గాములు మాత్రం వచ్చాయి. దీనిలో ఒక ముఖ్యమైన సూక్ష్మం ఉంది. ఆయుధం అందకపోతే కొనుగోలుదారు సొమ్ము చెల్లించడు. కాని ఆఫ్‌సెట్ పని జరగకపోతే దాని బదులు మరొక పనిని చూపించి ఖాతా సరిచేసుకొనే వీలు విక్రేతకు ఉంటుంది. ఒక పథకం పోయి మరొకటి వచ్చినప్పుడు, అది కొయెగాలోనే ఉండాలన్న నియమం లేదు. దేశం ఖాతాలో లెక్క సరిపోవచ్చు. హామీ నమ్ముకొన్న ప్రాంతానికి మాత్రం న్యాయం జరగదు.

కొయెగా రేవు ఆ తరువాత నిర్మాణమైంది. 2009లో నౌకల రాకపోకలు మొదలయ్యాయి. నేడు అక్కడ పారిశ్రామిక వాడ కూడ ఉంది. అయితే దానికి ముఖ్యాధారం ఆ దేశపు ప్రభుత్వ సంస్థలు సొంతంగా పెట్టిన పెట్టుబడి. ఆయుధ విక్రేతలు ఇచ్చిన మాట కాదు.

ఈ ఒప్పందాల్లో లంచాలు చేతులు మారాయన్న ఆరోపణలు ఆ దేశ రాజకీయాలను చాలాకాలం కుదిపివేశాయి. 2011లో నియమించిన విచారణ సంఘం అవినీతికి ఆధారాలు లేవని నివేదిక ఇచ్చింది. కాని 2019లో ప్రిటోరియా హైకోర్టు ఆ నివేదికను కొట్టివేసింది. ఒప్పందాల్లోని షరతులు ప్రజలకు తెలియకుండా ఉంచినప్పుడు అనుమానాలు పుట్టడమే గాక, హామీలు నెరవేరాయో లేదో పరిశీలించే అవకాశం కూడ ప్రజలకు లేకుండా పోతుందని ఈ వ్యవహారం చాటుతున్నది.

మన దేశపు అనుభవం

భారతదేశంలో విజయ్ కేల్కర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం చేసిన సిఫార్సులను అనుసరించి, 2005లో రక్షణ కొనుగోళ్ల విధానంలో ఆఫ్‌సెట్ నిబంధన చేరింది. 300 కోట్ల రూపాయలకు మించిన విదేశీ కొనుగోళ్లలో కనీసం 30 శాతం విలువను దేశంలోకి తిరిగి తేవాలన్నది ఆ నియమం. 2016లో ఈ పరిమితిని 2,000 కోట్లకు పెంచారు. అదే సంవత్సరం సెప్టెంబరులో ఫ్రాన్స్‌తో 36 రఫేల్ విమానాలకు ఒప్పందం జరిగినప్పుడు ఆఫ్‌సెట్‌ను 50 శాతంగా నిర్ణయించారు.

ఈ విధానం ఎంతవరకు ఫలించిందో భారత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) పరిశీలించి, ఆ నివేదికను 2020 సెప్టెంబరులో పార్లమెంటుకు సమర్పించారు. 2005 నుంచి 2018 మార్చి వరకు 66,427 కోట్ల రూపాయల విలువగల 46 ఆఫ్‌సెట్ ఒప్పందాలు కుదిరాయి. వాటిలో 2018 డిసెంబరు నాటికి 19,223 కోట్ల మేర బాధ్యత తీరి ఉండవలసింది. తీర్చామని విక్రేతలు లెక్క చూపినది 11,396 కోట్లు. అందులో రక్షణ శాఖ అంగీకరించినది 5,457 కోట్లు మాత్రమే. మిగిలిన క్లెయిములు పరిశీలనలో ఉన్నాయి లేదా తిరస్కరణకు గురయ్యాయి. అంటే జరగవలసిన ప్రతి నాలుగు రూపాయల పనిలో, జరిగిందని నిర్ధారణ అయినది ఒక రూపాయి పైచిలుకు మాత్రమే.

సాంకేతిక పరిజ్ఞానం విషయంలో నివేదిక మరింత నిరాశ కలిగించింది. విదేశీ విక్రేత ఉన్నత సాంకేతికతను భారత పరిశ్రమకు అందించిన ఉదాహరణ ఒక్కటైనా కనిపించలేదని కాగ్ పేర్కొన్నారు. తన విద్యలోని మర్మాన్ని పోటీదారుకు నేర్పడానికి ఏ వ్యాపారీ తొందరపడడు. ఈ మానవ స్వభావాన్ని గణనలోకి తీసుకోని నిబంధన ఎంత గట్టిగా కనిపించినా ఆచరణలో బలహీనపడుతుంది.

ఆ నివేదిక వెలువడిన కొద్ది రోజులకే ప్రభుత్వం కొత్త కొనుగోళ్ల విధానం ప్రకటించింది. రెండు ప్రభుత్వాల మధ్య నేరుగా కుదిరే ఒప్పందాలకు, ఒకే విక్రేత ఉన్న కొనుగోళ్లకు ఆఫ్‌సెట్ అవసరం లేదని అందులో నిర్ణయించారు. ధర తగ్గుతుందన్నది ఒక కారణం. విదేశాల నుంచి కొని బదులు కోరడం కన్న, మొదటి నుంచే దేశంలో తయారీకి ప్రాధాన్యం ఇవ్వాలన్న ఆలోచన కూడ దీని వెనుక ఉంది.

ఆదిభట్లలో ఏమి జరిగింది?

మొత్తం దేశపు లెక్క ఇలా ఉండగా, ఒక ప్రాంతంలో మాత్రం భిన్నమైన దృశ్యం కనిపిస్తుంది. హైదరాబాదు నగర శివార్లలో, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలో, అవుటర్ రింగ్ రోడ్డు సమీపాన ఉన్న గ్రామం ఆదిభట్ల. అక్కడ విమాన పరిశ్రమలకై ప్రత్యేక ఆర్థిక మండలి ఏర్పాటైంది.

2008లో భారతదేశం అమెరికా నుంచి ఆరు సి-130జె రవాణా విమానాలు కొనడానికి ఒప్పందం చేసుకొంది. వాటిని తయారుచేసే లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ టాటా సంస్థతో కలిసి 2010లో ఉమ్మడి కంపెనీ స్థాపించింది. ఆ కంపెనీ ఆదిభట్లలో సి-130జె తోక భాగాన్ని తయారు చేస్తున్నది. అమెరికాలోని జార్జియా రాష్ట్రం మారియెట్టాలో విమానానికి తుదిరూపం ఇస్తారు. మన వాయుసేన కొన్నవాటికే గాక, ప్రపంచంలో ఏ దేశం కొన్న కొత్త సి-130జె విమానానికైనా తోక ఇక్కడి నుంచే వెళుతుంది. 2015లో భారతదేశం 22 అపాచీ హెలికాప్టర్లు కొన్నది. అదే సంవత్సరం బోయింగ్, టాటా సంస్థలు ఉమ్మడి కంపెనీ ఏర్పాటుకు నిర్ణయించాయి. ఆదిభట్లలో వారి కర్మాగారం 2018 మార్చిలో ప్రారంభమై, జూన్‌లో మొదటి అపాచీ దేహాన్ని అమెరికాకు పంపింది. 2023లో అదే కర్మాగారం నుంచి 737 ప్రయాణికుల విమానానికి నిలువు తోకరెక్క వెళ్లింది. సైనిక అవసరం కోసం నేర్చిన పని సాధారణ ప్రయాణికుల విమానానికి కూడ పనికివచ్చిందన్నమాట. ఈ కర్మాగారంలో వాడే విడిభాగాల్లో 90 శాతానికి పైగా దేశంలోనే, వందకు పైగా చిన్న, మధ్యతరహా సంస్థల వద్ద తయారవుతున్నాయని బోయింగ్ ప్రకటించింది.

ఈ పనులన్నీ ఆఫ్‌సెట్ నిబంధన ఒక్కదానివల్లనే వచ్చాయనడం సరికాదు. కూలి ఖర్చు తక్కువ కావడం, మరిన్ని విమానాలు అమ్ముకోవాలన్న విక్రేతల ఆశ, రాష్ట్ర ప్రభుత్వం కల్పించిన సౌకర్యాలు కూడ కారణాలే. అయితే పెద్ద కొనుగోలు జరిగిన వేళ తలుపు తెరచుకొన్నదన్నది వాస్తవం. ఆ తలుపులోంచి వచ్చిన పని ఇక్కడే ఎందుకు నిలిచింది?

దీనికి సమాధానం నగరపు పాత చరిత్రలో ఉంది. రక్షణ పరిశోధన ప్రయోగశాల 1962లోనే హైదరాబాదుకు వచ్చింది. తరువాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్, 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్ర ధాతు నిగమ్ వరుసగా ఏర్పడ్డాయి. 1968లో బాలానగర్‌లో కేంద్ర టూల్ డిజైన్ సంస్థ స్థాపితమై, లోహాన్ని అతిసూక్ష్మమైన కొలతలకు కోసే పనిలో యువకులకు శిక్షణ ఇచ్చింది. ఈ ప్రభుత్వ సంస్థలకు విడిభాగాలు చేసిపెడుతూ బాలానగర్, కూకట్‌పల్లి పరిసరాల్లో చిన్న చిన్న వర్క్‌షాపులు ఎన్నో పుట్టాయి. లేతు యంత్రం ముందు నిలబడి, వెంట్రుకలో పదో వంతు తేడాను కూడ పసిగట్టగల పనివారు అక్కడ తయారయ్యారు. విదేశీ సంస్థ వచ్చేనాటికి ఆ నైపుణ్యానికి నలభై ఏళ్ల వయస్సు ఉంది.

వ్యవసాయం తెలిసినవారికి ఈ విషయం ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. విత్తనం ఎంత మేలైనదైనా, దున్ని, ఎరువు వేసి, తేమ నిలిపిన నేలలోనే అది మొలకెత్తుతుంది. ఆఫ్‌సెట్ విత్తనం వంటిది. కొయెగాలో నేల సిద్ధం కాకముందే పంట లెక్క వేశారు. హైదరాబాదులో నేల ఏనాడో సిద్ధమై ఉంది.

వెలుగు వెనుక నీడ

ఇంతటితో సంతృప్తి పడడానికి వీలులేదు. మొదటిది, ఈ కర్మాగారాల్లో జరిగే పనిలో అధికభాగం విదేశీ సంస్థ ఇచ్చిన నమూనా చిత్రాలను చూసి తు.చ. తప్పకుండా తయారు చేయడం. విమానాన్ని ఊహించి, రూపకల్పన చేసే విద్య ఇంకా వారి చేతుల్లోనే ఉంది. పని కుదుర్చుకొన్న సంస్థ రేపు మరొక దేశంలో తక్కువ ఖర్చు చూస్తే అటు మళ్లవచ్చు.

రెండవది, సిద్ధమైన నేలనే విత్తనం కోరుకొంటుంది గనుక, ఇప్పటికే అభివృద్ధి చెందిన నగరాలకే ఇటువంటి పనులు చేరుతాయి. బెంగళూరు, హైదరాబాదు వంటి చోట్ల పరిశ్రమలు పెరుగుతాయి. వెనుకబడిన జిల్లాలు చూస్తూ ఉండిపోతాయి. దేశానికి లాభమైనది ప్రతి ప్రాంతానికీ లాభం కానవసరం లేదు. కోరాపుట్‌లో ఇంజన్ల కర్మాగారం పెట్టాలన్న నిర్ణయం వ్యాపార లెక్కల నుంచి పుట్టలేదు. వెనుకబడిన ప్రాంతానికి కూడ పరిశ్రమ చేరాలని ప్రభుత్వం పూనుకొన్నందువల్ల సాధ్యమైంది.

మూడవది, తుది రూపం ఇచ్చే కర్మాగారం ఎక్కడ పెట్టాలన్న విషయంలో రాష్ట్రాల మధ్య పోటీ తీవ్రంగా ఉంటుంది. 2021లో భారతదేశం 56 సి-295 రవాణా విమానాలకు ఒప్పందం చేసుకొంది. వాటిలో 40 విమానాలను దేశంలోనే తయారు చేయాలి. ఆ కర్మాగారం గుజరాత్‌లోని వడోదరకు దక్కి 2024 అక్టోబరులో ప్రారంభమైంది. వాటి దేహ భాగాలు మాత్రం హైదరాబాదులో తయారవుతున్నాయి. 2025 జూన్‌లో రఫేల్ విమానాల ప్రధాన దేహాన్ని హైదరాబాదులో తయారు చేయడానికి దసో, టాటా సంస్థల మధ్య ఒప్పందం కుదిరింది. ఒక విమానపు భాగాలు వేర్వేరు రాష్ట్రాల్లో తయారుకావడం మంచిదే. కాని భూమి, నీరు, పన్ను రాయితీలు ఇవ్వడంలో పోటీపడి రాష్ట్రాలు తమ ఆదాయాన్నే పోగొట్టుకొంటే, వచ్చిన ఉద్యోగాల విలువ తగ్గిపోతుంది.

అడగవలసిన ప్రశ్నలు

పెద్ద ఆయుధ ఒప్పందం జరిగినప్పుడల్లా వేల కోట్ల పెట్టుబడులు, వేల ఉద్యోగాలు అంటూ ప్రకటనలు వస్తాయి. అటువంటి వార్త చదివినప్పుడు విద్యావంతులైన పౌరులు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ పని ఒప్పందం లేకపోయినా వచ్చేదా, లేక నిజంగా కొత్తగా వచ్చిందా? చెప్పిన అంకెలో గుణకం పాలెంత, నిజమైన ధనమెంత? బాధ్యత తీరిన తరువాత కూడ పని ఇక్కడ కొనసాగుతుందా? ఆ పని చేయడానికి స్థానిక యువతకు శిక్షణ ఇచ్చే ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు సిద్ధంగా ఉన్నాయా?

వీటిలో చివరి ప్రశ్న అన్నింటికన్న ముఖ్యమైనది. ఎందుకంటే మొదటి మూడు ప్రశ్నలకు సమాధానం అధికారుల వద్ద, కంపెనీల వద్ద ఉంటుంది. నాలుగవదానికి సమాధానం మన విద్యాలయాల్లో ఉంది. ఊరి పక్కన విమాన కర్మాగారం వచ్చినా, అందులోని యంత్రాన్ని నడిపే చదువు ఊరి పిల్లలకు లేకపోతే, వారికి గేటు వద్ద కాపలా పని మాత్రమే మిగులుతుంది. భూమి ఇచ్చిన కుటుంబంలోని పిల్లవాడు కాపలాదారుగా నిలబడి, ఎక్కడినుంచో వచ్చిన నిపుణుణ్ణి లోపలికి పంపే స్థితిని అభివృద్ధి అనలేం.

ఇప్పుడు మొదట చెప్పుకొన్న రథం వద్దకు తిరిగి వెళదాం. శిల్పి పని ముగించి, సొమ్ము తీసుకొని వెళ్లిపోయాడు. రథం ఊరేగింది. అంతా సంతోషించారు. కొన్నేళ్లకు ఒక చక్రం ఇరుసు విరిగింది. ఆనాడు చక్రాలు చేసిన వడ్రంగి, పట్టాలు బిగించిన కమ్మరి, పని నేర్చిన ఇద్దరు పిల్లలు కలిసి దానిని బాగుచేయగలిగారా, లేక మళ్లీ పట్టణానికి కబురు పంపారా? షరతు ఫలించిందో లేదో ఆనాడు తేలుతుంది. ఆయుధాల కొనుగోలులో కూడ అంతే. ఒప్పందం మీద రాసిన శాతాల కన్న, ఒప్పందం ముగిసిన తరువాత ఆ ప్రాంతపు చేతుల్లో మిగిలిన పనితనమే అభివృద్ధికి నిజమైన కొలమానం.